తరైపాలం దగ్గర పచ్చదీపం

మా బావ సుదర్శనం పిరికివాడు. ఈ మాట నేను చాటుగా అనేది కాదు. ఆయన ముందరే అంటాను, ఆయనా కాదనడు. మా అక్క కాంచనను ఆయనకిచ్చి చేసినప్పటి నుంచీ, ఆమె తమ్ముడిగా చూస్తున్నాను. గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు ఆ ఇంట్లో సాయంత్రం దాకా పొయ్యి వెలగదు. బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. బండి నడుపుతూ ఫోన్ ఎత్తితే ప్రాణం పోతుందని చెప్పీ చెప్పీ, అక్క చేత ఫోన్‌ను స్కూటీ సీటు కింద డిక్కీలో పెట్టించే అలవాటు చేశాడు.

ఇక కరెంటు పోయిందంటే ఆయన వరస చూడాలి. “ఎవురూ కదలొద్దండి! యాడుండేవాళ్ళు ఆడనే నిలబడండి!” అని కేక పెడతాడు. తాను మాత్రం గోడ పట్టుకుని తడుముకుంటూ పోయి టార్చి తెచ్చి, ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా వెలుగు వేసి, పామూ తేలూ లేవని చూశాకే కదలనిస్తాడు. ఒకసారి నేను కంచం ముందు చేతిలో ముద్ద పట్టుకుని, నోటి దాకా తీసుకుపోవచ్చో లేదో తెలియక అట్లాగే కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం చీకట్లో గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో నవ్వుకుంటూ నిలబడేది. తరువాత తరువాత నవ్వడం మానేసింది, నిలబడటం మానలేదు.

ఆ ఒక్క విషయం తప్పిస్తే అక్కకు భయమనేదే తెలియదు. పాము కనిపిస్తే చీపురు తీసుకుని వెంటబడే మనిషి. తిరుత్తణిలో ఒక మందుల షాపులో పని చేస్తుంది. పొద్దున స్కూటీ మీద పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తుంది. మా ఊరికీ తిరుత్తణి రోడ్డుకూ మధ్య కొసస్తలై ఏరు. ఏటి మీద ఉన్నది తరైపాలం. పేరుకే పాలం, నిజానికి ఏటి అడుగున ఇసుక మీద పరిచిన సిమెంటు దారి. ఏడాదిలో ఎక్కువ భాగం ఏటిలో నీళ్ళుండవు, దాని మీద బస్సులు కూడా పోతాయి. నీళ్ళొస్తే మునిగిపోతుంది. ఆ నీళ్ళు మా ఊరి వానకు వచ్చేవి కావు. నగరి కొండల్లో ఎక్కడో కురిసి, ఇక్కడ ఆకాశం తేటగా ఉండగా, చెప్పా పెట్టకుండా వస్తాయి.

బావ భయానికి మూలం అక్కడే ఉంది. దేవా అని ఆయన స్నేహితుడు ఉండేవాడు. పెళ్ళికి ముందటి మాట. ఇద్దరూ సైకిళ్ళ మీద ఊరి నుంచి తిరుత్తణికి పోతున్నారు. పాలం మీద మడమ మునిగేంత నీళ్ళు పారుతున్నాయి. బావ సైకిలు దిగి నిలబడిపోయాడు. “వద్దురా దేవా, కొంచేపు చూస్తాం” అన్నాడట. దేవా నవ్వి, సైకిలు నడిపించుకుంటూ నీళ్ళలోకి దిగాడు. సగం దూరం పోయి వెనక్కి తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. అంతలోనే కాళ్ళ కింద నుంచి సైకిలు జారింది. బావ గట్టు మీదే నిలబడి అరిచాడు. అరవడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు. దేవా దిగువన సర్కారు తుమ్మ పొదల్లో దొరికాడు. బావ ఈ కథ నాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కుడి చెయ్యి, దేవా ఊపినట్టే గాలిలో లేచి, అక్కడే ఆగిపోయింది.

అందుకే సాయంత్రం అక్క బండి చప్పుడు వినిపించేదాకా ఆయన ఇంట్లో కూర్చోలేడు. తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీలో మెషిన్లు చూసుకునే పని ఆయనది. మొదటి షిఫ్టు ముగించుకుని లోకల్ రైల్లో తిరుత్తణికి వచ్చి, చీకటి పడకముందే ఏరు దాటేస్తాడు. తరువాత గట్టు మీద పెరుమాళ్ మామ మోటారు కొట్టం దగ్గర చేరి, అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చుంటాడు. పక్కనే మా పొలం కాబట్టి నేనూ ఉంటాను. “ఏమి బావా, ఏరు కాపలాకు జీతమేమన్నా ఇస్తారా?” అని అడుగుతుంటాను. ఆయన నవ్వడు.

ఒకరోజు ఆయనే చెప్పాడు. కంపెనీలో నూనె తొట్టి ఉంది, అది నిండవస్తే దానంతట అదే ఎర్రదీపం వెలుగుతుంది. “ఏటికి గూడా అట్లాంటిది ఒగటి పెట్టుకుంటే ఎట్లుంటాదిరా హేమా? అవతల గట్టు నుంచే కనపడాల. నీళ్ళొస్తే ఎర్రది, లేకుంటే పచ్చది. మనం ఊర్లో లేకపోయినా అది చూస్తా ఉంటాది.” యూట్యూబులో తమిళ వీడియోలు చూశాడట. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు దొరుకుతాయి, దానికి సెన్సారు తగిలిస్తే చాలు అన్నాడు. ఈ పిరికి మనిషి కరెంటు వైర్లు పట్టుకుంటాడా అని నాకు నవ్వొచ్చింది. కానీ ఆదివారం నన్ను కూడా మద్రాసుకు లాక్కుపోయాడు.

రిచ్చి స్ట్రీట్‌లో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందులో ఒక దుకాణం. గోడ నిండా ప్లాస్టిక్ కవర్లలో బోర్డులు వేలాడుతున్నాయి. మేం మాట్లాడుకునేది విని కుర్చీలో ఉన్నాయన కూడా తెలుగులోకి దిగాడు. బావ అడిగింది ఒక్కటే. “వీటిలో సులభంగా కాలిపోనిది ఏది?”

అందరూ వేగం అడుగుతారు, ధర అడుగుతారు. ఈ ప్రశ్న ఆయనకు కొత్త. ముందు బొటనవేలంత బోర్డు చూపించాడు. దాంట్లోనే వైఫై ఉంది, ధర తక్కువ, ఇప్పుడందరూ అదే కొంటున్నారు అన్నాడు. బావ దాన్ని పట్టుకోకుండా కవర్‌లోనే తిప్పి చూశాడు. ఏటి గట్టున వైఫై ఎక్కడిది? అదీ కాక ఆ బోర్డు తట్టుకునేది మూడుంపావు వోల్టులకు కొంచెం ఎక్కువ, నీళ్ళను చూసే సెన్సారు తిరిగి పంపేది ఐదు వోల్టులు. మధ్యలో రెండు రెసిస్టర్లు వేసి తగ్గించుకోవాలి.

“అవి వెయ్యను మరిస్తే?” అన్నాడు బావ.

“పోవచ్చు. పోకపోనూ వచ్చు.”

“పోవచ్చు అంటే నాకు వద్దు.”

తరువాత ఇంకొంచెం పెద్దది, బ్లూటూత్ కూడా ఉన్నది చూపించాడు. దానిదీ అదే వోల్టుల కథ. ఆ తరువాత అగ్గిపెట్టె కంటే చిన్నది, చవకది ఒకటి తీశాడు. దానికి కాళ్ళు మనమే అతికించుకోవాలి. బావ చేతులు చూసుకుని తల అడ్డంగా ఊపాడు. చివరకు ఊనో అనే నీలం రంగు బోర్డు బయటికొచ్చింది. విదేశం నుంచి వచ్చే అసలుది ఒకటి, దాని నమూనా చూసి చేసిన కాపీ ఒకటి. అసలు దాని ధర వినగానే బావ దాన్ని మెల్లగా కింద పెట్టేశాడు. కాపీ మాత్రం చేతికి తీసుకున్నాడు.

“వైరు తిరగేసి పెడితే ఏమయితాది? వాన తుంపర పడితే? బల్లి బోర్డు మీద పడితే?”

“సార్, మీకు బోర్డు కావాలా, ఇన్సూరెన్సా?” అన్నాడు దుకాణం ఆయన. నేను పగలబడి నవ్వాను. కానీ ఆయన మంచివాడే, కాపీ బోర్డు మధ్యలో నల్లగా పొడుగ్గా ఉన్న చిప్‌ను వేలితో చూపించి చెప్పాడు. ఇది ఐదు వోల్టులది, సెన్సారూ ఐదే, మధ్యలో ఏమీ అక్కర్లేదు. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పులు చాలావరకు ఓర్చుకుంటుంది. ఒకవేళ కాలినా, ఈ చిప్ ఒక్కదాన్ని పీకి వేరేది గుచ్చుకోవచ్చు, బోర్డంతా పారేయక్కర్లేదు. ఆ మాటతో బావ ముఖం తేటపడింది. అదే బోర్డు రెండు తీసుకున్నాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలట.

నాకైతే ఒక ఆదివారం దండగయింది అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఎంచుకున్న తీరు సరైనదే. మొదటిసారి చేసేవాడికి గొప్ప బోర్డు అక్కర్లేదు, తప్పు చేసినా మన్నించేది కావాలి.

ఇంటికొచ్చాక నా మేనకోడలికి, అక్క కూతురికి, ప్లస్ టూలో సర్కారు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, అది బోర్డును గుర్తుపట్టలేదు. బావ కాల్చేశాననుకుని చెమటలు పట్టి కూలబడ్డాడు. అది కాపీ బోర్డు కాబట్టి వేరే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవాలని మర్నాడు వీడియోలో చూశాకే అన్నం తిన్నాడు. సెన్సారుకు రెండు గుండ్రటి కళ్ళుంటాయి. ఒక కన్ను మన చెవికి వినపడని కూత వేస్తుంది. రెండో కన్ను ఆ కూత నీళ్ళకు తగిలి తిరిగొచ్చేది వింటుంది. జవాబు ఎంత తొందరగా వస్తే నీళ్ళు అంత దగ్గర. వంటింట్లో బకెట్ పెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ, ఎర్రదీపం వెలిగినప్పుడల్లా అక్కను పిలిచి చూపించేవాడు. అక్క పప్పు గరిటె పట్టుకునే వచ్చి చూసి, “మా ఆయన కంపెనీ వాళ్ళకు తెలీదు గానీ పెద్ద ఇంజనీరు” అనేది. ఎగతాళిగా అన్నా ఆమెకు లోపల గర్వమే.

మా గట్టు వైపు పాలం మొదట్లో ఇనప స్తంభం పాతి, నడుమెత్తున పెట్టె బిగించాడు. సెన్సారు కళ్ళు పెట్టె అడుగున, ఏటి వాలు వైపు చూస్తూ ఉంటాయి. స్తంభం పైన ఎర్రదీ పచ్చదీ రెండు దీపాలు. పెరుమాళ్ మామ కొట్టం నుంచి కరెంటు. పచ్చదీపం అవతలి గట్టుకు బాగా కనిపించేది. ఊళ్ళో వాళ్ళు ముందు నవ్వారు, తరువాత దానికి అలవాటుపడ్డారు. పొద్దుగూకే వేళ బండ్లు ఆపి నీళ్ళకేసి చూడటం మానేసి దీపం కేసి చూడటం మొదలుపెట్టారు.

బావ ముందు రాసిన పద్ధతి ప్రకారం, కూతకు జవాబు రాకపోతే ఎర్రదీపం వెలగాలి. తెలియనప్పుడు భయపడటమే మేలని ఆయన లెక్క. కానీ ఎండాకాలంలో ఏటి అడుగంతా పొడి ఇసుక, పిచ్చి చెట్లు. కూత ఎటో పోయేది, తిరిగొచ్చేది కాదు. చుక్క నీరు లేని ఏటికి ఎర్రదీపం వెలిగేది. పాల వ్యాను నడిపే మోహన్‌రాజ్ ఒకరోజు బండి ఆపి గట్టిగానే అడిగాడు.

“ఏందన్నా ఈ తొందరవు, ఈ పీడ? నీళ్ళే లేని ఏటికి దినామూ ఎర్రలైటు ఏస్తే, రేపు నిజంగా నీళ్ళొచ్చినప్పుడు ఎవురు నిలబడతారు?”

అందులో న్యాయం ఉంది. బావకూ ఉందనిపించింది. రెండు రోజులు ముభావంగా తిరిగి, చివరకు మార్చాడు. జవాబు రాకపోతే నీళ్ళు దూరంగా ఉన్నట్టు, పచ్చదీపం. మార్చాక కొట్టం మెట్టు మీద నా పక్కన కూర్చుని అన్నాడు: “జవాబు రాకుంటే అంతా బాగుండాదని ఎట్ల అనుకునేదిరా? నాకు మనసొప్పలా.” “చుమ్మా, ఊరికే ఉండు బావా, నీకు దేనికి మనసొప్పింది గనక” అన్నాను.

ఆ మార్పు తరువాత దీపం బుద్ధిగానే నడిచింది. పెట్టె కింద నుంచి మేకలు పోయినా కూత వాటి వీపులకు తగిలి ఎర్రదీపం ఒక్కసారి అదిరి, మళ్ళీ పచ్చదయ్యేది. పిల్లలు కావాలని పెట్టె కింద చేతులు పెట్టి ఆడుకునేవాళ్ళు. బావ వాళ్ళను కసిరేవాడు కానీ, దీపం అదిరిన ప్రతిసారీ ఆయనకు ధైర్యంగా ఉండేదని నాకు తెలుసు.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్టన్నది ఏదీ బొట్టు లేకుండా ఉండకూడదు. బస్సుకు, కత్తిపీటకు, కుట్టుమిషనుకు, తక్కెడకు, అన్నిటికీ గంధం, కుంకుమ. అక్క ఇల్లంతా తిరిగి మిక్సీకి, టీవీకి, స్కూటీకి, బావ స్పానర్లకు, ల్యాప్‌టాప్‌కు పెట్టింది. పెట్టెను కూడా విప్పుకుని రమ్మంది. బావ ఒప్పుకోలేదు. ఒక్క రాత్రి కూడా ఏరును కాపలా లేకుండా వదలనన్నాడు.

“అన్నిటికీ పెట్టి దానికి పెట్టకుంటే ఎట్ల? అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది అదే గదా” అని, మిగిలిన గంధం గిన్నెలో తీసుకుని, సాయంత్రం తనే ఏటి గట్టుకు పోయి పూజ చేసి వచ్చింది. మర్నాడు బావ షిఫ్టుకు పోతూ చూశాడు. పెట్టె మూత మీద చక్కటి బొట్టు, స్తంభానికి కట్టిన చామంతి పూలు, పైన పచ్చదీపం. అక్క శ్రద్ధకు ఆయనకు కళ్ళు చెమర్చాయని నాతో చెప్పాడు. మూత మీదిది చూశాడు, అడుగుకు వంగి చూడలేదు.

ఆ ఏడు మా ఊరికి వాన ఆలస్యమయింది. చామంతులు వాడి, ఎండి, రాలిపోయాయి. ఆకాశంలో మబ్బు లేదు. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం నేనూ బావా ఎప్పటిలాగే కొట్టం మెట్టు మీద ఉన్నాం. పొద్దు కుంకింది, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పెరుమాళ్ మామ మేకలు ఏటిలో నుంచి పైకొచ్చాయి. రోజూ మేసుకుంటూ తీరిగ్గా వచ్చేవి, ఆ రోజు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరుకుతూ వచ్చాయి. నేను వాటిని అదిలించి పక్కకు జరిగాను. బావ మాత్రం కదలకుండా దీపం వైపే చూస్తున్నాడు.

“హేమా, మేకలు పెట్టె కిందనే గదా వచ్చినాయి?”

“అవును, వచ్చినాయి. అయితే?”

“దీపం అదరలా.”

“అదరకుంటే మంచిదే గదా బావా.”

“పూజ అయినప్పట్నుంచీ ఒక్కసారి గూడా అదరలా” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. రోజూ భయపడే మనిషి గొంతు కాదది. ఆయన లేచి దిగువకు నడిచాడు. నేను విసుక్కుంటూ వెనకే వెళ్ళాను. అప్పుడు వినిపించింది చప్పుడు. ఎండాకుల కుప్ప మీద గాలి పోతున్నట్టు, ఎగువ నుంచి. గాలి మాత్రం లేదు.

బావ ఫోన్ టార్చి వేసి పెట్టె కిందికి వంగాడు. వంగినవాడు లేవలేదు. నేనూ వంగి చూశాను. సెన్సారు రెండు కళ్ళ మీదా రెండు గంధం బొట్లు, నడిమిన కుంకుమ. అమ్మవారికి దిద్దినట్టు ఒద్దికగా, కళ్ళకుండే సన్నటి జల్లెడ కనపడకుండా మందంగా పెట్టి ఉన్నాయి. ఎండి రాయిలా గట్టిపడ్డాయి. కూత బయటికి పోవడం లేదు, జవాబు లోపలికి రావడం లేదు. జవాబు రాకపోతే పచ్చదీపం.

అవతలి గట్టున వెలుగు కనపడింది. స్కూటీ లైటు. అక్క బండి లైటు కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది, ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాం. రోడ్డు దిగి, దీపం పచ్చగా ఉండటం చూసి, ఏమాత్రం ఆగకుండా పాలం మీదికి ఎక్కింది.

“కాంచనా!” అని అరిచాడు బావ. నేనూ అరిచాను. ఏటి చప్పుడు మా గొంతులను ముంచేసింది. మా కాళ్ళ ముందు సిమెంటు అంచును నురగ తాకింది. బావ ఫోన్ చేశాడు. రింగు పోతూనే ఉంది, సీటు కింద డిక్కీలో. అక్కడ పెట్టుకోమని నేర్పింది ఆయనే. నేను చెప్తున్నాను, ఆ మనిషి ముఖంలో అప్పుడు చూసింది నేను జన్మలో మరిచిపోలేను. దేవా పోయిన గట్టు మీదే, అదే చోట, అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఆయన నీళ్ళలోకి దూకబోయాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నన్ను విదిలించుకుని పెట్టె వైపు తిరిగి, దీపాలకు పోయే వైర్లను రెండు చేతులతో పట్టి పెరికేశాడు. కరెంటు ముట్టుకోవాలంటేనే వణికే మనిషి, పట్టి పెరికేశాడు. పచ్చదీపం పోయింది. గట్టంతా చీకటి.

“ఎవురూ కదలొద్దండి!” అని అరిచాడు. “యాడుండేవాళ్ళు ఆడనే నిలబడండి!”

ఆ కేక అవతలికి వినిపించే అవకాశమే లేదు. కానీ అక్క బండి లైటు ఆగిపోయింది. పాలం సగానికి ఇంకా కొంచెం అవతల, ఉన్నచోటనే ఆగిపోయింది.

మేమిద్దరం చూస్తున్నాం. ఆ లైటు ముందు, మాకూ ఆమెకూ మధ్య, సిమెంటు నలుపు కదలడం మొదలుపెట్టింది. ముందు చాపలా పల్చగా. తరువాత ఒక తుమ్మకొమ్మ వెలుగులోకి వచ్చి, గిర్రున తిరిగి, దిగువకు పడిపోయింది. దాని వెనక నీళ్ళు మందంగా వచ్చాయి. లైటు కొంచెం ఊగింది. తరువాత మెల్లగా, కాళ్ళతో నేలను తన్నుకుంటూ బండిని వెనక్కి నెడుతున్నట్టు, చిన్నదవుతూ పోయింది. గట్టెక్కి రోడ్డు వైపు తిరిగేదాకా బావ కన్ను ఆర్పలేదు. తరువాత బురదలో కూర్చుండిపోయాడు. ఆయన ప్యాంటు తడిసింది నీళ్ళ వల్ల కాదని నాకు తెలుసు. నేను నవ్వలేదు.

ఫోన్ మోగింది.

“ఏమండీ, ఆడ కరెంటు పోయిందా?” అంటోంది అక్క. “దీపం పోయింది గదా అని నిలబడితి. మీరు టార్చి తెస్తారని చూస్తా ఉంటి. చూస్తే కాళ్ళ కింద చల్లగా తగిలె.”

“ఊ, కరెంటు పోయింది” అన్నాడు బావ. “ఈ రాత్రికి సెల్వి ఇంట్లోనే ఉండు. ఏటి దిక్కుకు రావద్దు.” సెల్వి అక్కతో పాటు షాపులో పని చేసే ఆమె, ఇల్లు తిరుత్తణిలోనే.

ఫోన్ పెట్టేసి, పెట్టె కింద కూర్చుని, బొటనవేలి గోటితో ఆ గంధాన్ని గీకాడు. ఒక్కొక్క పొలుసూ రాలుతుంటే అరచేయి పట్టాడు. చొక్కా అంచుతో సెన్సారు కళ్ళు రెండూ తుడిచి వైర్లు తగిలిస్తే, ఎర్రదీపం వెలిగింది. అప్పటికి పాలం కనపడటం లేదు. ఇంటికి పోతూ నాతో ఒక్క మాటే అన్నాడు. “కాంచనకు ఈ సంగతి చెప్పొద్దురా. చెప్తే ఇంక ఏ పూజా చెయ్యలేదు, ఏ రాత్రీ నిద్రపోలేదు.” మర్నాడు షిఫ్టుకు పోలేదు. బోర్డులో రాసింది పాత పద్ధతికి మార్చాడు. జవాబు రాకపోతే ఎర్రదీపం. దాని మీద మోహన్‌రాజ్ ఇప్పటిదాకా నోరెత్తలేదు.

నీళ్ళు తగ్గాక అక్క వచ్చింది. మేమిద్దరం స్తంభం దగ్గరే ఉన్నాం. బండి ఆపి, హెల్మెట్ తీసి, నవ్వుతూ పెట్టె వైపు చూసింది. “నా పూజ ఫలించింది చూడండి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది” అంటూ పెట్టె కిందికి వంగింది.

“గంధం యాడ పోయె?”

“వానకు కరిగిపోయింటాది” అన్నాడు బావ, ఏటి వైపు చూస్తూ.

అక్క లేచింది. స్తంభం మొదట్లో ఎండి పొడిపొడిగా రాలి ఉన్న చామంతి రేకులను చూసింది. అవతలి గట్టున మట్టి రోడ్డు మీద తన బండి లేపిన దుమ్ము ఇంకా తేలుతోంది. తరువాత బావ బొటనవేలి గోటి కింద ఇరుక్కున్న ఎరుపును చూసింది. మా ఊళ్ళో ఆ నెలంతా చినుకు పడలేదు. అది ఆమెకు తెలుసు.

ఆమె పెదవులు పాలిపోయాయి. స్కూటీ తాళాలు తీసి బావ చేతిలో పెట్టింది. బావ బండి నడిపితే నడిచిపోయే వాళ్ళు కూడా దాటిపోతారని ఎగతాళి చేసే మా అక్క, ఆ రోజు ఆయన వెనక కూర్చుని, రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుంది. ఇంటిదాకా కళ్ళు తెరవలేదు.